ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్: మళ్లీ ఆడాలనుకునే పాత ఆటగాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరుల్లో 2000 తర్వాత ఇంటర్, డిగ్రీ చదివిన వాళ్లలో చాలామందికి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 నెట్ సెంటర్లోనే పరిచయమైంది. విలేజర్లతో (పనిచేసే ఊరివాళ్లతో) ఫుడ్, కట్టెలు, గోల్డ్, రాళ్లు కూడబెట్టి, డార్క్, ఫ్యూడల్, క్యాజిల్, ఇంపీరియల్ అనే ఏజ్‌లు (దశలు) దాటుతూ ఊరు, సైన్యం పెంచి శత్రువుని ఓడించే కంప్యూటర్ ఆట ఇది. గంటకింత అని కట్టి, ఒకే వరసలో కూర్చుని, పక్క సిస్టమ్ వాడి మీదే దండెత్తిన వాళ్లంతా ఇప్పుడు ఉద్యోగాల్లో, సంసారాల్లో ఉన్నారు. కొత్త ఎడిషన్ గురించి తెలిసి మళ్లీ ఆడదామనుకుంటున్నారు. అడిగేవాళ్లు మారుతున్నారు గానీ సందేహాలు మాత్రం అవే. అందుకే అన్నిటినీ ఒకచోట పెడుతున్నాను. ఏ ప్రశ్న కావాలంటే నేరుగా దాని దగ్గరికే వెళ్లండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ ఆటలో చేతివేగం కంటే పద్ధతి ముఖ్యం. ఆ పద్ధతి ఇన్నేళ్లలో మారలేదు. కాబట్టి మీరు అనుకుంటున్నంత వెనకబడి లేరు.

## కొనే ముందు

ఇది మనం ఆడిన ఆటేనా, పేరు మాత్రమే అదా?

ఆ ఆటే. ఎన్సెంబుల్ స్టూడియోస్ చేసిన ఏజ్ ఆఫ్ కింగ్స్ 1999లో, ది కాంకరర్స్ 2000లో వచ్చాయి. ఆ స్టూడియో 2009లో మూతపడింది. 2013లో హెచ్‌డీ ఎడిషన్ వచ్చింది. ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న డెఫినిటివ్ ఎడిషన్ 2019 నవంబరు 14న విడుదలైంది. దీన్ని ఫర్గాటెన్ ఎంపైర్స్ అనే బృందం ముందుండి చేసింది. వాళ్లు మొదట్లో ఈ ఆట మీద ప్రేమతో సొంతంగా మోడ్ (ఆటకి చేసే మార్పులు, చేర్పులు) తయారు చేసిన అభిమానులు. ఆ ప్రేమ ఆటలో కనబడుతుంది. బొమ్మలన్నీ కొత్తగా గీశారు, సంగీతం మళ్లీ చేశారు. కానీ విలేజర్ ఖరీదు 50 ఫుడ్, ఫ్యూడల్ ఏజ్‌కి 500 ఫుడ్, కోటకి 650 రాళ్లు అనే లెక్కలు అట్లాగే ఉన్నాయి. మీకు గుర్తున్న తెలివితేటలన్నీ పనికొస్తాయి.

పాత సీడీ ఇంట్లో ఉంది. అదే వేసుకుంటే చాలదా?

ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి సీడీ డ్రైవే ఉండటం లేదు. ఎట్లాగో ఎక్కించినా కొత్త విండోస్‌లో రంగులు చెదిరి, నీళ్లు ఊదారంగులో, గడ్డి ఎర్రగా కనిపించడం చాలామందికి అనుభవమే. జ్ఞాపకం కోసం ఒకసారి తెరిచి చూడ్డానికైతే సరే. రోజూ ఆడాలంటే, ఇంకొకరితో ఆడాలంటే డెఫినిటివ్ ఎడిషన్ తీసుకోండి.

క్రాక్ వెర్షన్ (దొంగ కాపీ) దొరుకుతోంది, డబ్బులెందుకు పెట్టాలి?

క్రాక్‌లో ఆన్‌లైన్ ఆట ఉండదు, ప్యాచ్‌లు (తయారీదార్లు పంపే సవరణలు) రావు. ఈ ఎడిషన్ బలమే ఆ రెండూ. 2019 నుంచి ఏళ్ల తరబడి మార్పులు వస్తూనే ఉన్నాయి, వాటిలో చాలా వరకు ఉచితం. పాతికేళ్ల ఆటని ఇంకా బతికించుకుంటున్న వాళ్లకి ఒకసారి డబ్బు కట్టడం న్యాయం.

నా ల్యాప్‌టాప్ పాతది. నడుస్తుందా?

64 బిట్ విండోస్ 10, 4 జీబీ ర్యామ్, 30 జీబీ ఖాళీ జాగా అనేది కనీస అవసరం. హాయిగా ఆడాలంటే 8 జీబీ ర్యామ్ ఉండాలి. ఆఫీసు పనికి కొన్న మామూలు ల్యాప్‌టాప్‌లో కూడా ఒంటరి ఆట నడుస్తుంది. ఎనిమిది మంది ఆడే పెద్ద మ్యాప్‌లో, అందరి సైన్యాలూ నిండినప్పుడే తడబడుతుంది. ఎన్‌హాన్స్‌డ్ గ్రాఫిక్స్ ప్యాక్ అని ఉచితంగా ఒకటి ఇస్తారు, దాన్ని మాత్రం వేయకండి. అది 4కే తెరలకి. మామూలు తెర మీద పెద్ద తేడా తెలియదు, జాగా మాత్రం తినేస్తుంది. హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయిస్తే ఆట తెరుచుకునే వేగం బాగా మారుతుంది. ఖర్చు పెట్టే ఓపిక ఉంటే ముందు అక్కడ పెట్టండి.

స్టీమ్‌లో (ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం) కొనాలా, గేమ్ పాస్ (నెలవారీ చందా) తీసుకోవాలా?

ఒక నెల ఆడి చూసి తేల్చుకుందాం అనుకుంటే పీసీ గేమ్ పాస్. ఆడతానని మీకు ముందే తెలిస్తే స్టీమ్. స్టీమ్ ఎండాకాలం, చలికాలం సేల్స్‌లో ధర బాగా తగ్గుతుంది, యూపీఐతో కట్టొచ్చు. రెండు చోట్ల తీసుకున్న వాళ్లూ ఒకరితో ఒకరు ఆడుకోవచ్చు కాబట్టి స్నేహితుడు ఎక్కడ కొన్నాడన్న దిగులు అక్కర్లేదు.

డీఎల్‌సీలు (విడిగా కొనే అదనపు భాగాలు) చాలా కనిపిస్తున్నాయి. అన్నీ కొనాలా?

వద్దు. అసలు ఆటలోనే 35 నాగరికతలు ఉన్నాయి. పాత సీడీల్లోవన్నీ, హెచ్‌డీ కాలంలో వచ్చినవన్నీ అందులోనే కలిపేశారు. కొత్తగా బల్గేరియన్లు, క్యూమన్లు, లిథువేనియన్లు, టాటార్లు వచ్చారు. తర్వాత వచ్చిన డీఎల్‌సీల్లో మొదట కొనమని నేను చెప్పేది ఒకటే: 2022 ఏప్రిల్‌లో వచ్చిన డైనాస్టీస్ ఆఫ్ ఇండియా. మనం దక్షిణాది వాళ్లమనే కాదు, అందులోని నాగరికతల ఆటతీరే నిజంగా వేరు. మిగతావి అసలు ఆటతో తనివి తీరాక చూసుకోవచ్చు.

ఫోన్లో వస్తుందా? మ్యాక్‌లో?

రాదు. ఫోన్లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ పేరుతో ఉన్నది వేరే ఆట, దాని పద్ధతే వేరు. మ్యాక్‌కి నేరుగా వెర్షన్ లేదు. ఎక్స్‌బాక్స్‌లో 2023 జనవరి నుంచి, ప్లేస్టేషన్ 5లో 2025 మే నుంచి ఉంది.

నాలుగో భాగం కూడా వచ్చింది కదా, అది వదిలి రెండెందుకు?

నాలుగు 2021లో వచ్చింది, మంచి ఆటే. ఆటలు కొత్తగా మొదలెట్టేవాళ్లకి నేను దాన్నే చెప్తాను. కానీ రెండో భాగం ఒకప్పుడు ఆడినవాళ్లు నాలుగులో మొదటి నుంచి నేర్చుకోవాలి. రెండులో మర్చిపోయింది గుర్తు తెచ్చుకుంటే చాలు. రోజుకి గంట మాత్రమే దొరికే మనిషికి ఆ తేడా పెద్దది.

## ఇన్‌స్టాల్ చేసిన రోజు

కీబోర్డులో సి నొక్కితే విలేజర్ రావట్లేదు. ఏమైంది?

కొత్త అమరికలో విలేజర్‌కి క్యూ అక్షరం ఇచ్చారు. ఎడమచేయి కదలకుండా అన్నీ అందేలా కీలు మార్చారు. సెట్టింగ్స్‌లో హాట్‌కీలలోకి వెళ్తే పాత అమరిక కూడా ఉంటుంది, అది ఎంచుకుంటే మీ వేళ్లకి గుర్తున్నట్టే పని చేస్తుంది. నా సలహా మాత్రం కొత్తదే నేర్చుకోమని. హెచ్ నొక్కి టౌన్ సెంటర్ (విలేజర్లు పుట్టే ముఖ్య కట్టడం), క్యూ నొక్కి విలేజర్ అనే జంట ఒక్కటి వేళ్లకి పడితే చాలు, మిగతావి వాటంతటవే వస్తాయి. షిఫ్ట్ పట్టుకుని నొక్కితే ఒకేసారి ఐదుగురు వరసలో పడతారు. ఖాళీగా నిలబడ్డ విలేజర్‌ని వెతకడానికి ఫుల్‌స్టాప్ కీ.

చెట్ల వెనక ఎవడున్నాడో కనపడట్లేదు. పాత ఆటలో ఇంత దట్టంగా లేవే?

కొత్త బొమ్మల్లో చెట్లు నిజంగానే గుబురుగా ఉన్నాయి. ఆట లోపలే ఉన్న మోడ్స్ పేజీలో చిన్న చెట్ల మోడ్‌లు ఉచితంగా ఉన్నాయి, ఒకటి వేసుకోండి. నేల మీద గళ్లు గీసే గ్రిడ్ మోడ్ కూడా వేసుకుంటే ఇళ్లు, ఫార్మ్‌లు వరసగా కట్టుకోవడం సులభం. ఇది మోసం కాదు. ఆన్‌లైన్‌లో పోటీ ఆడేవాళ్లే ఇవి వాడతారు.

ఎండాకాలం ఆడితే ల్యాప్‌టాప్ సలసల కాగుతోంది. ఏం చేయాలి?

ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లో గది వేడే ఎక్కువ, దానికి ల్యాప్‌టాప్ తోడవుతుంది. గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో విసింక్ ఆన్ చేయండి, ఫ్రేమ్‌రేట్ 60 దాటకుండా చూసుకోండి. ఈ ఆటకి అంతకు మించి అవసరం లేదు. పరుపు మీద, దుప్పటి మీద పెట్టి ఆడకండి, గాలి కిందనుంచి లాగే మోడళ్లే ఎక్కువ. అప్పుడూ తగ్గకపోతే లోపల దుమ్ము తీయించాలి. ఆట సెట్టింగ్ ఎంత తగ్గించినా మూసుకుపోయిన ఫ్యాన్ తిరగదు.

ఆట మధ్యలో కరెంటు పోతే అంతా పోయినట్టేనా?

పోదు. ఆట దానంతటదే మధ్యమధ్యలో సేవ్ చేసుకుంటుంది, లోడ్ మెనూలో ఆటోసేవ్ పేరుతో దొరుకుతుంది. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ ఉంటుంది గానీ రౌటర్ ఆగిపోతుంది కాబట్టి ఆన్‌లైన్ ఆట తెగిపోతుంది. మామిడికాయలు రాల్చే గాలివానల రోజుల్లో ఆన్‌లైన్ మ్యాచ్ పెట్టుకోకుండా క్యాంపెయిన్ (కథగా సాగే ఒంటరి ఆట) ఆడుకోవడం మేలు. లేదంటే రౌటర్‌కి చిన్న యూపీఎస్ కొనుక్కోండి.

తెలుగులో ఆడొచ్చా?

మెనూలు, వివరణలు తెలుగులో లేవు. భారతీయ భాషల్లో హిందీ ఉంది. తెలుగు లేకపోవడం నాకు బాధగానే ఉంటుంది, ఎందుకంటే దీన్ని ఆడే తెలుగువాళ్లు తక్కువేం కాదు. ద్రావిడియన్స్ అనే నాగరికత తీసుకుంటే విలేజర్లు, సైనికులు తమిళంలో బదులిస్తారు. చిత్తూరు జిల్లాలో పెరిగిన వాళ్లకి అర్థం చేసుకోవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు.

## మళ్లీ చెయ్యి తిరగడానికి

ఇన్నేళ్ల తర్వాత ఎక్కడ మొదలెట్టాలి?

ఆర్ట్ ఆఫ్ వార్ అనే విభాగంతో. ఇది పాత ఆటలో లేదు. తొలి ఆర్థికం, త్వరగా క్యాజిల్ ఏజ్‌కి చేరడం, దాడి కాచుకోవడం లాంటి ఒక్కో నైపుణ్యానికి ఒక్కో చిన్న పరీక్ష ఉంటుంది. కాంస్యం, వెండి, బంగారు పతకాలిస్తారు. బంగారం కోసం పట్టుబట్టకండి, వెండి వస్తే తర్వాతదానికి వెళ్లిపోండి.

ఆ తర్వాత ఒక పాత క్యాంపెయిన్ తీసుకోండి. జోన్ ఆఫ్ ఆర్క్, సలాదిన్, చెంఘీజ్ ఖాన్, బార్బరోసా అందరూ ఉన్నారు. బార్బరోసా చివరి ఘట్టం గుర్తుందా? 1190లో నదిలో మునిగి చనిపోయిన చక్రవర్తి దేహాన్ని పీపాలో పెట్టి జెరూసలేం దాకా తీసుకెళ్లాలి. చిన్నప్పుడు ఆ కథ పట్టించుకోకుండా ఆడేశాం. ఇప్పుడు ఆడితే ఆ ప్రయాణం బరువు తెలుస్తుంది.

మొదటి పది నిమిషాల్లో ఏం చేయాలి? అక్కడే వెనకబడిపోతున్నాను.

మొత్తం ఆటలో దీనికి మించిన ప్రశ్న లేదు. అందుకే కాస్త వివరంగా చెప్తాను.

మామూలు ఆటలో ముగ్గురు విలేజర్లు, ఒక స్కౌట్ (చుట్టూ తిరిగి చూసొచ్చే రౌతు), 200 ఫుడ్‌తో మొదలవుతుంది. ఆ ఫుడ్‌తో నలుగురిని వెంటనే వరసలో పెట్టండి. ఒక్కో విలేజర్ పుట్టడానికి ఆట గడియారంలో 25 సెకన్లు. అంటే టౌన్ సెంటర్ ఒక నిమిషం ఊరికే ఉంటే ఇద్దరికి పైగా మనుషుల్ని పోగొట్టుకున్నట్టే, వాళ్లు ఆట చివరిదాకా తేవాల్సిన సరుకూ పోయినట్టే. ఇద్దరితో ఇల్లు కట్టించండి, ఒకరితో రెండో ఇల్లు. స్కౌట్‌ని టౌన్ సెంటర్ చుట్టూ తిప్పి గొర్రెల్ని వెతకండి.

మొదటి ఆరుగురినీ గొర్రెల మీద పెట్టండి. గొర్రెని టౌన్ సెంటర్‌కి ఆనుకునేలా తెచ్చి కోయాలి, దూరంగా కోస్తే నడకకే పొద్దు పోతుంది. తర్వాతి నలుగురు కట్టెలకి. ఆ తర్వాత వచ్చేవాడు అడవిపందిని తేవాలి. అటుపై నలుగురు బెర్రీల దగ్గర మిల్లు కట్టుకుని కూర్చుంటారు. ఆ మధ్యలోనే రెండో పంది, ఇంకో ఇల్లు. ఇరవై మంది దాటేసరికి 500 ఫుడ్ చేతిలో ఉంటే ఫ్యూడల్ ఏజ్ నొక్కేయండి.

ఈ అంకెలు వేదం కాదు. మ్యాప్‌ని బట్టి, నాగరికతని బట్టి అటూ ఇటూ అవుతాయి. టౌన్ సెంటర్ ఆగకూడదు అన్నది మాత్రం ఏ మ్యాప్‌లోనూ మారదు. సైన్యం, కోట, తెలివైన దాడి అన్నీ దాని తర్వాతే. ఒక వారం పాటు యుద్ధమే ఆలోచించకుండా, ఫ్యూడల్‌కి వెళ్లే వరకు మాత్రమే ఆడి మళ్లీ మొదలుపెట్టి చూడండి. మీ ఆట మొత్తం మారిపోతుంది.

అడవిపందిని తేబోతే విలేజర్ చచ్చిపోతున్నాడు. ఎట్లా తేవాలి?

ముందుగా టౌన్ సెంటర్లో లూమ్ అనే పరిశోధన చేయించుకోండి, 50 గోల్డ్. విలేజర్ ప్రాణం 25 నుంచి 40కి పెరుగుతుంది. ఒక్క విలేజర్‌ని పంపి పంది మీద క్లిక్ చేయండి. వాడు బాణం వేసిన క్షణమే, తగిలిందో లేదో చూస్తూ నిలబడకుండా, టౌన్ సెంటర్ వైపు తిప్పండి. పంది వెంటబడుతుంది. టౌన్ సెంటర్ దగ్గరికి రాగానే వాడిని లోపలికి పంపేసి, గొర్రెల మీద ఉన్న మిగతావాళ్లందరినీ ఎంచుకుని పంది మీద క్లిక్ చేయండి. అది వాళ్ల మధ్యలో పడిపోతుంది. తర్వాత లోపలున్నవాడిని బయటికి దించి అక్కడే పనిలో పెట్టండి. ఒక పందికి 340 ఫుడ్, అంటే మూడు గొర్రెల కంటే ఎక్కువ. ఎక్కువమంది చేసే పొరపాటు బాణం వేయించి వేరే పని చూసుకోవడం. ఆ కొద్ది సెకన్లు మాత్రం కళ్లు పంది మీదే ఉండాలి.

ఫార్మ్ అయిపోగానే మళ్లీ వేస్తూ కూర్చోవాలా, పాతకాలంలో లాగా?

అక్కర్లేదు. మిల్లులో ఒక బటన్ ఉంటుంది, అది ఆన్ చేస్తే కట్టెలు ఉన్నంతవరకు ఫార్మ్‌లు వాటంతటవే మళ్లీ పడతాయి. ఇట్లాంటి చాకిరీ చాలా తగ్గించారు. స్కౌట్‌ని ఆటో మీద పెడితే తనే మ్యాప్ తిరిగొస్తాడు. షిఫ్ట్ పట్టుకుని వరసగా పనులు చెప్పొచ్చు: ఇల్లు కట్టు, తర్వాత మిల్లు కట్టు, తర్వాత బెర్రీలు కోయి అని. పైన సరుకుల గుర్తుల పక్కన ఎంతమంది ఏ పనిలో ఉన్నారో అంకె కనిపిస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఆ అంకె. కట్టెలకి ముగ్గురే ఉన్నారని ఒక్క చూపులో తెలిసిపోతుంది.

కంప్యూటర్ ముందులా మోసం చేస్తుందా?

పాత ఆటలో గట్టి స్థాయి కంప్యూటర్‌కి సరుకులు అదనంగా ఇచ్చేవాళ్లు. కొత్త ఏఐకి ఆ అవసరం లేదు, మనలాగే సంపాదించి మనకంటే శుభ్రంగా ఆడుతుంది. అప్పట్లో హార్డెస్ట్‌ని ఓడించాం కదా అని మొదటి రోజే పై స్థాయి పెట్టుకోకండి. మోడరేట్‌తో మొదలెట్టి, సులభంగా గెలుస్తున్నప్పుడు ఒక్కో మెట్టు ఎక్కండి. పాత సీడీ కాలపు ఏఐనే కావాలంటే అది కూడా ఎంచుకునే వీలుంది.

చీట్ కోడ్‌లు పనిచేస్తాయా?

ఒంటరి ఆటలో పనిచేస్తాయి. చీజ్ స్టీక్ జిమ్మీస్, రాబిన్ హుడ్, లంబర్‌జాక్, రాక్ ఆన్, మ్యాప్ తెరిచే మార్కో అన్నీ ఉన్నాయి. కోబ్రా కారు కూడా ఉంది. మొదటి సాయంత్రం ఆ కారుతో కోటలు కూల్చి ఆనందించండి, తప్పేం లేదు.

ఎవరి మీదికి ఎవరిని పంపాలో మర్చిపోయాను.

గుర్రాల మీదికి ఈటెవాళ్లు, ఒంటెలు. విలుకాళ్ల మీదికి స్కర్మిషర్లు (చిన్న ఈటెలు విసిరేవాళ్లు). ఈటెవాళ్ల మీదికి విలుకాళ్లు. కోటల మీదికి ట్రెబుషే (దూరం నుంచి బండలు విసిరే యంత్రం). ట్రెబుషే మీదికి వేగంగా పరుగెత్తే గుర్రాలు. ఏనుగులకి భయపడేవాళ్లు ఎక్కువ. పలమనేరు, కుప్పం వైపు చేలల్లో మంద పడ్డట్టు కట్టడాలన్నీ తొక్కేస్తాయి, నిజమే. కానీ నెమ్మదిగా నడుస్తాయి. నాలుగైదుగురు మాంక్‌లు (శత్రువుల్ని మనవైపు తిప్పే సన్యాసులు) ముందే సిద్ధంగా ఉంటే వాటిలో కొన్ని మీవే అయిపోతాయి, మిగతా వాటిని హాల్బర్డియర్లు (పై స్థాయి ఈటెవాళ్లు) చూసుకుంటారు.

## మన చరిత్ర ఆటలో

ద్రావిడియన్స్ అంటే ఎవరు? వాళ్లతో ఎట్లా ఆడాలి?

హెచ్‌డీ కాలంలో భారతదేశమంతటికీ ఇండియన్స్ అనే ఒక్క నాగరికతే ఉండేది. 2022లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియాతో దాన్ని హిందుస్తానీలుగా మార్చి, బెంగాలీలు, గుర్జరులు, ద్రావిడియన్స్ అని మూడు కొత్తవి చేర్చారు. దక్షిణాదికి ద్రావిడియన్స్.

వీళ్ల బలం నౌకలు, కాల్బలం. ఏజ్ మారిన ప్రతిసారీ 200 కట్టెలు ఉచితంగా వస్తాయి. బ్యారక్స్‌లో (కాల్బలాన్ని తయారుచేసే కట్టడం) పరిశోధనలకి సగం ధరే. స్కర్మిషర్లు, ఏనుగు మీది విలుకాళ్లు మిగతావాళ్ల కంటే వేగంగా వేస్తారు. ఉరుమి అనే వంగే కత్తి తిప్పే సైనికుడు, తిరిసడై అనే పెద్ద యుద్ధనౌక వీళ్లకే ప్రత్యేకం. నైట్ లేడు, గుర్రపుదళం బలహీనం. అంకెలు ప్యాచ్‌ల్లో కొంచెం మారుతుంటాయి గానీ స్వభావం ఇదే.

ఇంపీరియల్ ఏజ్‌లో ఊట్జ్ స్టీల్ అనే పరిశోధన ఉంది. అది చేశాక మీ కాల్బలం, గుర్రాల దెబ్బకి శత్రువు కవచం లెక్కలోకి రాదు. ఇది ఊరికే పెట్టిన పేరు కాదు. డమాస్కస్ కత్తులకి పేరు తెచ్చిన ఉక్కు దక్షిణ భారతంలో మూసల్లో కాచిందే, తెలంగాణలోని కోనసముద్రం అందుకు ప్రసిద్ధి. నీళ్లున్న మ్యాప్ వస్తే ద్రావిడియన్స్ తీసుకోండి. మైదానం మ్యాప్‌లో గుర్రాలవాళ్లు ఎదురైతే మొదటి అరగంట చాలా ఓపిక కావాలి.

రాజేంద్ర చోళుడి క్యాంపెయిన్ బాగుంటుందా? తెలుగువాళ్ల సంగతి అందులో ఎందుకు?

తప్పకుండా ఆడండి. 1014 నుంచి 1044 దాకా ఏలిన రాజేంద్రుడు గంగ దాకా సైన్యాన్ని పంపాడు, 1025లో సముద్రం దాటి శ్రీవిజయం మీద దండెత్తాడు. నౌకలతో ఆడటం ఇష్టమైనవాళ్లకి ఇది పండగ.

తెలుగువాళ్ల ప్రసక్తి రావడం చరిత్ర వల్లే. రాజేంద్రుడి సోదరి కుందవ్వని వేంగి చాళుక్య రాజు విమలాదిత్యుడికి ఇచ్చారు. వాళ్ల కొడుకు రాజరాజ నరేంద్రుడు, నన్నయని ఆదరించిన రాజు. ఆయనకి రాజేంద్రుడు తన కూతురు అమ్మంగదేవినిచ్చాడు. వాళ్ల కొడుకే 1070లో చోళ సింహాసనమెక్కిన కులోత్తుంగ చోళుడు. కాణిపాకం గుడి కట్టించింది కులోత్తుంగుడే అని అక్కడి స్థలపురాణం. ఇన్నాళ్లూ యూరప్ రాజుల కథలే ఆడిన మనకి, బస్సెక్కితే చేరే ఊళ్లతో ముడిపడిన వంశం తెర మీద కనిపించడం చాలా సంతోషం కలిగిస్తుంది.

చంద్రగిరి కోట ఆటలో ఉందా?

సిద్ధంగా లేదు, మీరే కట్టుకోవాలి. దానికి సినారియో ఎడిటర్ (సొంత మ్యాప్, కథ తయారు చేసుకునే పనిముట్టు) ఉంది. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు పెనుకొండకి, అక్కణ్నుంచి చంద్రగిరికి రాజధాని మార్చారు. ఆ కాలం తీసుకుంటే మంచి కథ అవుతుంది.

ఒక ఆదివారం పొద్దున్నే కోటకి వెళ్లి కాగితం మీద గీసుకుని రండి. వెనక రాతికొండ నిటారుగా ఉంటుంది, ఆ వైపు గోడ పెద్దగా అక్కర్లేదు. ముందువైపు ప్రాకారం మీద ప్రాకారం వస్తుంది. లోపల రాజమహల్, పక్కన చిన్నది రాణీమహల్, ఒక కోనేరు. రాజమహల్‌ని కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు. ఎడిటర్‌లో ముందు నేల ఎత్తు పెంచే పనిముట్టుతో కొండ లేపండి, దాని పాదంలో రాతిగోడ గీయండి, ద్వారాలు పెట్టండి, ఆఖరున ట్రిగ్గర్‌లతో ఎప్పుడు ఎటునుంచి దాడి రావాలో చెప్పండి. కొండని ముందు లేపకుండా గోడలు కట్టేస్తే తర్వాత అన్నీ పీకి మళ్లీ వేయాల్సి వస్తుంది. పిల్లలున్న ఇంట్లో ఇది సెలవుల్లో మంచి పని. ఏ గోడ ఎందుకు అక్కడుందో వాళ్లకి అప్పుడు తెలుస్తుంది.

## నలుగురితో కలిసి

మా బ్యాచ్ బెంగళూరు, హైదరాబాద్, అమెరికాల్లో ఉంది. కలిసి ఆడొచ్చా?

ఆడొచ్చు. ఎవరో ఒకరు లాబీ (ఆటగాళ్లు చేరే ఆన్‌లైన్ గది) తెరిచి పాస్‌వర్డ్ పెట్టి మిగతావాళ్లని పిలవాలి. ఒక్కొక్కరికీ సొంత ఆట ఉండాలి. ఒకరి దగ్గర డీఎల్‌సీ ఉండి ఇంకొకరి దగ్గర లేకపోయినా కలిసి ఆడొచ్చు, లేనివాళ్లు ఆ నాగరికతని ఎంచుకోలేరు అంతే. అమెరికాలో ఉన్నవాడికి పొద్దు, మనకి రాత్రి కాబట్టి శని, ఆదివారాలు తప్ప కుదరదు.

మొదట్లో ఒకరితో ఒకరు కొట్టుకోకుండా అందరూ ఒక జట్టుగా కంప్యూటర్ మీద ఆడండి. ఇద్దరు ముగ్గురు ఇన్నేళ్లూ వదలకుండా ఆడుతూ ఉంటారు, వాళ్లు మిగతావాళ్లని పది నిమిషాల్లో ఊడ్చేస్తే మర్నాటి నుంచి ఎవరూ రారు. చాట్‌లో 30 కొడితే వొలోలో అనే అరుపు, 11 కొడితే ఆ నవ్వు ఇప్పుడూ వినిపిస్తాయి. పాత స్నేహితుల మధ్య సగం ఆట అదే.

నెట్ సెంటర్లో లాగా ఒకే గదిలో కూర్చుని ఆడాలంటే?

నలుగురూ ల్యాప్‌టాప్‌లు తెచ్చుకుని ఒకే వైఫైకి కలిపితే చాలు. కానీ ఇది పాతకాలపు లాన్ లాంటిది కాదు. ఒక సీడీతో అందరికీ ఎక్కించడం కుదరదు, ఎవరి ఖాతా వాళ్లకి కావాలి, ఇంటర్నెట్ కూడా ఉండాలి. సంక్రాంతికి అందరూ ఊరొచ్చినప్పుడు ఆడాలనుకుంటే వారం ముందే ఎవరింట్లో వాళ్లు డౌన్‌లోడ్ చేసుకుని రావాలి. ఒకే ఇంటి వైఫై మీద నలుగురు 30 జీబీలు దించుకోవడం మొదలెడితే పండగ అయిపోతుంది.

ర్యాంక్‌డ్ (రేటింగ్ కోసం ఆడే ఆన్‌లైన్ పోటీ) ఆడాలంటే భయంగా ఉంది. కుర్రాళ్లు చితక్కొట్టేస్తారేమో?

మొదట్లో కొన్ని ఓటములు ఖాయం. ఎందుకంటే అందరి రేటింగూ 1000 దగ్గర మొదలవుతుంది, అది పాత అలవాటుతో వచ్చినవాళ్లకి కొంచెం ఎక్కువే. ఓడినకొద్దీ రేటింగ్ దిగి, మీలాంటి వాళ్లే ఎదురుపడతారు. అప్పటి నుంచి ప్రతి ఆటా పోటాపోటీగా ఉంటుంది. ఆ దశకి చేరకముందే వదిలేసేవాళ్లని చూస్తే నాకు బాధ. డార్క్ ఏజ్ విసుగనిపిస్తే ఎంపైర్ వార్స్ అనే పద్ధతి ఉంది, అందులో ఊరు కట్టి ఉండగానే ఫ్యూడల్ ఏజ్ నుంచి మొదలవుతుంది.

పిల్లలకి చూపించొచ్చా?

నేనైతే చూపిస్తాను. సరుకు లెక్క, ముందుచూపు, చరిత్ర పేర్లు అన్నీ వస్తాయి. యుద్ధం ఉంటుంది గానీ జుగుప్స పుట్టించేలా ఉండదు. ఆన్‌లైన్ చాట్‌లో కొందరు నోటికొచ్చినట్టు రాస్తారు, అందుకే చిన్నపిల్లల్ని కంప్యూటర్ మీదే ఆడనివ్వండి. టైమ్ అయిపోయింది, ఆపమంటే ఏడుస్తారు అంటారా? ఒంటరి ఆటని ఎక్కడైనా సేవ్ చేయొచ్చు కాబట్టి, సేవ్ చేసి రేపు ఇక్కణ్నుంచే ఆడు అని చెప్పే వీలుంది.

ఓడిపోతున్నాను సరే, ఎందుకు ఓడిపోతున్నానో తెలియడం లేదు.

ప్రతి ఆటా రికార్డ్ అవుతుంది, దాన్ని మళ్లీ తెరిచి చూడండి. మీ యుద్ధం కాదు, మీ టౌన్ సెంటర్ చూడండి. ఎన్నిసార్లు ఊరికే నిలబడింది, ఇళ్లు లేక విలేజర్లు ఎన్నిసార్లు ఆగిపోయారు, వెయ్యి కట్టెలు ఎంతసేపు ఖర్చు కాకుండా పడి ఉన్నాయి అని. ఆ తర్వాత అవతలివాడి వైపు నుంచి అదే ఆట చూడండి. మీరు నాలుగో ఇల్లు కడుతున్నప్పుడు వాడి ఊళ్లో ఏం జరుగుతోందో చూస్తే జవాబు అక్కడే దొరుకుతుంది. చూడాలనుకున్న రికార్డింగ్‌ని ఆ రోజో మర్నాడో చూసేయండి, కొత్త ప్యాచ్ వచ్చిందంటే పాత రికార్డింగ్‌లు సరిగ్గా తెరుచుకోవు.